బాలుర నోట ‘వలదు’ అను మాట

యాదవకుల నాశన కథను వినని వైష్ణవ గృహము తెలుగునాట అరుదు. మహాభారతమున మౌసల పర్వమునందును, శ్రీమద్భాగవతమున ఏకాదశ స్కంధమునందును ఈ కథ కలదు. సాంబాదులు మునులను పరిహసించుట, ముసలము పుట్టుట, దానిని పొడిచేసి సముద్రమున కలుపుట, ఆ పొడి ఒడ్డున తుంగగా మొలచుట అందరును చెప్పుకొనునవే. కాని ఆ కథ నడుమ ఒక చిన్న ఘట్టమున్నది. పురాణ శ్రవణములో అది తరచుగా జారిపోవుచుండును.

ముసలమును పొడిచేయించిన వెంటనే ద్వారకలో ఒక చాటింపు వేయబడెను. ఆ దినము మొదలుకొని వృష్ణ్యంధక కులములలో ఎవ్వరును సురను గాని ఆసవమును గాని తయారు చేయరాదు. రహస్యముగా చేసినవాడు బంధువులతో కూడ కొరత వేయబడును. ఉగ్రసేనుడు, శ్రీకృష్ణుడు, బలరాముడు మొదలగువారి పేరుమీద వెలువడిన ఆజ్ఞ అది. రాజభయముచేత ప్రజలు దానిని పాటించిరి. పిదప దుశ్శకునములు తోచగా యాదవులందరు తీర్థయాత్రకై ప్రభాసమునకు తరలిరి. వారు వెంట తీసికొనిపోయిన సామగ్రిలో మద్యమును ఉండెను. కృష్ణుని సన్నిధిలోనే పానము సాగెనని వ్యాసభగవానుడు దాపరికము లేక చెప్పెను. మత్తులో సాత్యకి కృతవర్మను నిద్రించువారిని చంపినవాడవని ఎత్తిపొడిచెను. కృతవర్మ భూరిశ్రవసుని వధను జ్ఞప్తికి తెచ్చెను. మాట పెరిగెను, కత్తి లేచెను. తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని తుంగకఱ్ఱలతో మోది చంపుకొనిరి.

ఈ ఘట్టమునందు గ్రహింపదగిన విషయమొకటి కలదు. ద్వారకలో శాసనమున్నది, శిక్ష యున్నది, భయమున్నది, ఎదుట సాక్షాత్తు భగవంతుడే యున్నాడు. అయినను ‘నాకు వలదు’ అని తనంత తాను చెప్పగల నిగ్రహము ఆ వీరులలో కానరాదయ్యెను. బయటి కట్టడి నగరద్వారము దాటినంతనే సడలిపోయెను. బాలురను మద్యమునకు, మాదక ద్రవ్యములకు దూరముగా పెంచగోరు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును మొదట నేర్వవలసిన పాఠమిదియే. భయము కాపలాదారు వంటిది. కాపలాదారు లేని చోటు ప్రతి జీవితమునందును వచ్చును. అప్పుడు బాలుని వెంట నిలుచునది అతడు ముందుగా అభ్యసించిన ‘వలదు’ అను మాట ఒక్కటే.

ఈ వయసుననే ఏల?

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు బాలబాలికలకు సుమారు 11 నుండి 14 సంవత్సరములుండును. ఇది శైశవము కాదు, యౌవనమును కాదు. నిన్నటివరకు తల్లి మాటయే వేదమనుకొన్న బిడ్డకు ఇప్పుడు మిత్రుని మాట ప్రమాణమగును. చేష్టలందు ఉత్సాహము, కొత్తదానియందు ఆసక్తి ఒక్కసారిగా పెరుగును. అయితే ఫలమును ముందుగా ఊహించి కోర్కెను నిగ్రహించు మెదడు ముందుభాగము పూర్తిగా పరిణతి చెందుటకు సుమారు 25 సంవత్సరముల వయసు వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గుఱ్ఱములు బలిసినవి, సారథి ఇంకను పిన్నవాడు అని కఠోపనిషత్తులోని రథకల్పనను స్మరించువారు దీనిని సులభముగా గ్రహింపగలరు.

అట్టి మెదడునకు మత్తు అలవాటైనచో అది లోతుగా నాటుకొనును. 15 సంవత్సరములు నిండకమునుపే మద్యము ప్రారంభించినవారు, 20 సంవత్సరములు దాటిన పిదప ప్రారంభించినవారికంటె సుమారు నాలుగు రెట్లు అధికముగా వ్యసనపరులగుచున్నట్లు అమెరికాలో 1990వ దశకమున వెలువడిన అధ్యయనములు తెలిపెను. కావున ‘ఎప్పటికిని త్రాగకుము’ అను ఉపదేశము ఫలింపకపోయినను, ప్రారంభమును కొన్ని ఏండ్లు వెనుకకు నెట్టగలిగినచో అదియును గొప్ప రక్షణమే.

‘మా పిల్లలు చిన్నవారు, వారికి ఇవి ఏమి తెలియును?’ అని అనుకొను పెద్దలు కలరు. బడి ఎదుటి కొట్టులో వ్రేలాడు పొట్లములను బిడ్డ ప్రతిదినము చూచుచునే యున్నాడు. గుట్కా, ఖైనీ, సిగరెట్టు అతనికి కొత్తవి కావు. జిగురు, వైట్‌నర్ వంటివాటి ఆవిరిని మత్తుకొరకు పీల్చు దురభ్యాసము పెద్దలలోకంటె బాలురలోనే ఎక్కువగా నున్నదని 2019లో ప్రకటింపబడిన జాతీయ సర్వే వెల్లడించెను. ఈ ఆవిరులు మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణము పోవుటయు కలదు. వీధిలోని దుర్మార్గము బిడ్డకు పాఠము చెప్పకమునుపే ఇల్లును బడియును చెప్పుట మేలు.

భయము చాలదు

పాఠము చెప్పవలెననగానే పెద్దలకు తోచు మార్గము భయపెట్టుట. చెడిన ఊపిరితిత్తుల పటములు చూపుదురు. పోలీసు అధికారిని పిలిచి ఒక గంట ఉపన్యసింపజేయుదురు. జూన్ 26వ తేదీన నినాదములతో ఊరేగింపు జరుపుదురు. ఇవి సదుద్దేశముతో చేయు పనులే. వాటివలన కలుగు ఫలమును మాత్రము పరీక్షించి చూడవలెను.

1983లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమున పోలీసు అధికారులే తరగతిగదికి పోయి పాఠములు చెప్పు ఒక గొప్ప ప్రయత్నము ఆరంభమయ్యెను. అది దేశమంతట వ్యాపించెను. తల్లిదండ్రులు మెచ్చుకొనిరి. కాని పాఠము విన్న బాలురను, విననివారిని కొన్ని ఏండ్ల తరువాత పోల్చి చూచిన పరిశోధకులకు మత్తు పదార్థముల వాడకమున చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పిమ్మట 2009లో ఆ సంస్థయే తన పాత పాఠమును విడిచి, సంభాషణకును అభ్యాసమునకును ప్రాధాన్యమిచ్చు కొత్త పాఠమును స్వీకరించెను. ఐక్యరాజ్యసమితి మాదక ద్రవ్య నివారణకై 2013లో ప్రకటించి 2018లో సవరించిన ప్రమాణములు గూడ కేవల భయబోధ, సమాచారము చెప్పి ఊరకుండు ఉపన్యాసములు సత్ఫలమీయవనియే చెప్పుచున్నవి.

మరి ఫలించునది ఏది? కార్నెల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో గిల్బర్ట్ బోట్విన్ అను ఆచార్యుడు ఈ వయసు విద్యార్థుల కొరకే ఒక శిక్షణను రూపొందించెను. అందు మొదటి సంవత్సరము 15, రెండవ సంవత్సరము 10, మూడవ సంవత్సరము 5 పాఠములుండును. మత్తును గూర్చిన సమాచారము అందులో ఒక భాగము మాత్రమే. ఆలోచించి నిర్ణయించుట, కోపమును దిగులును ఓర్చుకొనుట, సిగ్గుపడక మాట్లాడుట, మిత్రుని నొప్పింపక నిరాకరించుట మొదలగు విషయములను నటన ద్వారా, అభ్యాసము ద్వారా నేర్పుదురు. ఏటేట పాత పాఠమును మరల జ్ఞప్తికి తెత్తురు. ఈ క్రమము నిత్యపారాయణము చేయువారికి కొత్త కాదు. ఒక్కనాటి ఉత్సవముకంటె నిత్యానుష్ఠానమే మనసును మార్చునని సంప్రదాయము ఏనాడో చెప్పినది.

సత్యము చెప్పవలెను

పాఠము చెప్పు పెద్దలు చేయు మరియొక పొరపాటు అసత్యమాడుట. ‘ఒక్క గుక్క త్రాగిన చత్తువు’, ‘ఒక్కసారి పీల్చిన పిచ్చివాడవగుదువు’ అని చెప్పుదురు. వీధి చివర ఒక్క గుక్క త్రాగి నవ్వుచు తిరుగువానిని బాలుడు చూచును. అప్పుడు పెద్దల మాటలలో సత్యమైనవి గూడ అతనికి అసత్యములుగా తోచును.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయమున సుఖమును మూడు విధములుగా విభజించి చెప్పిన తీరు ఇచ్చట ఉపాధ్యాయునకు వెలలేని సాధనము. మొదట విషము వలెనుండి తుదకు అమృతమగునది సాత్త్విక సుఖము. మొదట అమృతము వలెనుండి తుదకు విషమగునది రాజస సుఖము. మొదలును తుదియును మోహముగానే యుండునది తామస సుఖము. గీతాచార్యుడు విషయసుఖమునకు తీపి లేదనలేదు. ఆ తీపి మొదట మాత్రమే యుండునని చెప్పెను. మత్తు మొదట హాయిగొల్పును; అందుకే జనులు దానిని పట్టుకొందురు. పిమ్మట అదే హాయికి మోతాదు పెరుగును. తరువాత హాయి పోయి, లేకున్న బాధ మాత్రమే మిగులును. ఈ మూడు మెట్లను ఉన్నదున్నట్లు చెప్పిన పెద్దలను బాలుడు నమ్మును. వేకువజామున లేచుట, లెక్కలు సాధించుట, సంగీతము నేర్చుట ఇందుకు ఎదురుగా నిలుచు ఉదాహరణములు. అవి మొదట చేదు, తుదకు తీపి. తన దినచర్యలో ఏ పని ఏ కోవకు చెందునో బిడ్డచేతనే విడదీయించుట ఒక చక్కని పాఠము.

చెప్పవలసిన సత్యము మరియొకటి కలదు. ‘అందరును త్రాగుచున్నారు’ అను భ్రమ ఈ వయసున బలముగా నుండును. సినిమాలలోను, పెండ్లి ఊరేగింపులలోను కనబడునది ఆ భ్రమను పెంచును. 2019 నాటి సర్వే ప్రకారము భారతదేశమున 10 నుండి 75 సంవత్సరముల వయసువారిలో మద్యము సేవించువారు నూటికి 14.6 మంది. అనగా నూటికి ఎనుబదియైదుగురు త్రాగుటలేదు. పురుషులను మాత్రమే లెక్కించినను నూటికి డెబ్బదిమందికి పైగా త్రాగనివారే. త్రాగనివాడు ఒంటరి కాడు. అతడే పెద్ద గుంపులోనివాడు. ఈ ఒక్క లెక్క బాలునకు ఇచ్చు ధైర్యమును వంద భయంకర చిత్రములు ఈయజాలవు.

ప్రహ్లాదుని పాఠశాల

పోతనామాత్యుని భాగవతము సప్తమ స్కంధమున ప్రహ్లాదుడు సహాధ్యాయులకు ఉపదేశించిన ఘట్టమున్నది. గురువులు గృహకార్యములకై వెళ్లిన వేళ తోటి బాలురు ప్రహ్లాదుని ఆటకు పిలిచిరి. నేటి బడిపిల్లలకు అపాయము కలుగునది గూడ అట్టి వేళయందే. ఉపాధ్యాయుడు లేని గంట, సాయంత్రపు మైదానము, బంధువుల పెండ్లిలో పెద్దల కన్ను తప్పిన మూల, మిత్రుని ఇంట తల్లిదండ్రులు లేని ఆదివారము.

అప్పుడు ప్రహ్లాదుడేమి చేసెను? అలిగి దూరముగా పోలేదు. ‘మీరు పాపులు’ అని నిందింపలేదు. చిరునవ్వుతో, దయతో, మధురమైన మాటలతో వారిని దగ్గరకు పిలిచెను. వారు చేయుచున్న దానికంటె మేలైన దానిని వారి ముందుంచెను. ఆ బాలురు ఆటవస్తువులను విడిచి అతని చుట్టు కూర్చుండిరి. దానవ గురువులు చెప్పిన పాఠములు చేయలేని పనిని తోటి బాలుని మాట చేసెను.

ఇందు మూడు సూక్ష్మములు కలవు. నిరాకరించుటకు కోపము అవసరము లేదు. నిరాకరణముతోపాటు మరియొక పనిని చూపవలెను. ఈ వయసున తోటివాని మాటకు గల బలము గురువు మాటకు లేదు. కావున ఉపాధ్యాయుడు తానే అంతయు చెప్పక, తరగతిలో స్థిరచిత్తులైన ఇద్దరు ముగ్గురు విద్యార్థులను తీర్చి వారిచేత చెప్పించుట వివేకము.

కచుడు కలసిన పానము

ఆదిపర్వమునందలి కచుని కథ మరియొక పాఠమునకు పనికివచ్చును. దానవులు కచుని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుని చేతికే ఇచ్చిరి. మృతసంజీవని ఎరిగిన మహాజ్ఞాని తన శిష్యుని తానే త్రాగెను. నిజము తెలిసిన పిదప సురాపానమును మహాపాతకముగా శాసించెను. పాత్రలో ఏమి కలిసియున్నదో శుక్రుడంతటివాడే ఎరుగలేకపోయినప్పుడు పదమూడేండ్ల బాలుడెట్లు ఎరుగగలడు?

నేటి కాలమున ఇది కథ మాత్రమే కాదు. గంజాయి కలిపిన చాక్లెట్లను తెలంగాణలో పోలీసులు పట్టుకొనిన వార్తలు 2024లో వెలువడెను. ఎరుగనివారు పెట్టిన తినుబండారము, ఎవరో విప్పి ఇచ్చిన శీతలపానీయము, పేరు లేని పొట్లము ముట్టరాదని బిడ్డకు చెప్పుటకు కచోపాఖ్యానమును మించిన ఉదాహరణము లేదు. ఎవరైన ఒక పొట్లమును ‘ఫలానా వానికి ఇచ్చి రమ్ము’ అనినను పుచ్చుకొనరాదని గూడ నేర్పవలెను. బాలురచేత మత్తు పదార్థములను మోయించుట, అమ్మించుట 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము కఠినముగా శిక్షింపదగిన నేరము.

పాఠము నడుపు విధము

బడిలోనైనను, దేవాలయ ప్రాంగణమున జరుగు బాలల తరగతిలోనైనను వారమునకొక గంట చాలును. మొదట కథ; పిదప ప్రశ్నలు; ఆ మీదట అభ్యాసము. మూడింటిలో మూడవది ముఖ్యము. ఈత పుస్తకము చదివినవాడు ఈదలేనట్లే, ‘వలదు’ అను మాటను ఎన్నడును పలికి చూడని బాలుడు అవసరము వచ్చినప్పుడు పలుకలేడు.

ఇద్దరు విద్యార్థులు లేచి నిలువవలెను. ఒకడు పిలువవలెను; రెండవవాడు నిరాకరింపవలెను. ఈ అభ్యాసము గ్రంథభాషలో కాక వారు నిత్యము మాటలాడు భాషలోనే సాగవలెను. ‘ఒక్కసారి చూడరా, ఏం కాదు’ అని ఒకడనును. ‘నాకొద్దురా’ అని రెండవవాడు సూటిగా చెప్పును. ‘భయమా? అమ్మకూచివా?’ అని మొదటివాడు ఎగతాళి చేయును. ‘అనుకో. నాకు మాత్రం వద్దు. పద, ఆట మొదలుపెడదాం’ అని రెండవవాడు నవ్వుచు మాట మార్చును. మూడవసారియు బలవంతము చేసినచో అచ్చటినుండి కదలిపోవలెను. కారణములు వివరించుచు నిలువరాదు. నిలిచి వాదించువాడు తుదకు లొంగుట సహజము. ఆ తరువాత పాత్రలు మారవలెను. ఎగతాళి చేసిన బాలుడు నిరాకరించువాని స్థానమున నిలిచినప్పుడు ఆ మాటకు ఎంత ధైర్యము కావలెనో తెలిసికొనును. బాలికలకును ఇదే అభ్యాసము ఉండవలెను.

మరియొక వారము గీత రెండవ అధ్యాయమునందలి పతనక్రమమును నల్లబల్లపై మెట్లుగా గీయవచ్చును. విషయమును మాటిమాటికి తలచుట, దానియందు సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన మోహము, పిదప స్మృతి తప్పుట, బుద్ధి నశించుట, వినాశము. ఏ మెట్టు వద్ద దిగిపోవుట సులభమని అడిగినచో బాలురే ‘మొదటి మెట్టు వద్ద’ అని చెప్పుదురు. ఉపాధ్యాయుడు చెప్పినదానికంటె తాము కనుగొన్నది వారికి చిరకాలము నిలుచును.

ఒక కట్టడిని మాత్రము ఉపాధ్యాయుడు తనకు తాను విధించుకొనవలెను. ‘మీ ఇంట ఎవరు త్రాగుదురు? చేతులెత్తుడు’ అని తరగతిలో ఎన్నడును అడుగరాదు. చేయి ఎత్తిన బిడ్డ సిగ్గున కుంగును. ఎత్తనిబిడ్డ అసత్యము నేర్చును.

బలరాముని గూర్చిన ప్రశ్న

వైష్ణవ గృహములలోని బాలుడు ఒకనాడు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు. ‘బలరాముడు వారుణి త్రాగలేదా? ప్రభాసమున అతడును త్రాగెనని చెప్పిరి కదా?’ ఈ ప్రశ్నకు కోపగించుకొను పెద్దలు బాలుని విశ్వాసమును కోల్పోవుదురు. ‘అది వారుణి కాదు, పాలు’ అని బొంకువారు ఇంకను ఎక్కువ కోల్పోవుదురు.

పురాణములు జరిగినదానిని దాచవు. వారుణీపానమత్తుడైన బలరాముడు యమునను నాగలితో లాగిన కథను భాగవతమే చెప్పుచున్నది. ఆ వంశము మద్యపానవేళనే నశించిన కథను గూడ ఆ గ్రంథమే చెప్పుచున్నది. రెండింటిని కలిపి చదువువానికి మాత్రమే భావము తెలియును. ఎంతటి బలవంతులైనను, భగవంతుని చుట్టములైనను మత్తునకు మినహాయింపు పొందలేదు. దేవతల చరిత్రములన్నియు అనుకరించుటకు కావు. ఈశ్వరుల వాక్యమును అనుసరింపవలెను గాని అన్ని చేష్టలను అనుసరింపరాదని, రుద్రుడు కాని వాడు హాలాహలము త్రాగరాదని శుకయోగి పరీక్షిత్తునకు స్పష్టముగా చెప్పెను. ఇంత నిజాయితీతో బదులు చెప్పిన పెద్దలను బాలుడు మరుసటి ప్రశ్నకును వెదకికొని వచ్చును. బిడ్డ ప్రశ్నతో పెద్దల వద్దకు వచ్చుచున్నంతకాలము అపాయము దూరముననే యుండును.

కలికి చోటిచ్చు గృహము

భాగవత ప్రథమ స్కంధమున పరీక్షిన్మహారాజు కలిని నిగ్రహించినప్పుడు, శరణుజొచ్చిన కలి తనకు నివసించుటకు చోటు వేడెను. రాజు చూపిన చోటులలో పానము ఒకటి. కలి తనంత తాను ఎచ్చటను స్థిరపడలేదు. యజమాని అనుమతించిన చోటనే నిలిచెను. నేటి గృహమునకును ఇదియే వర్తించును.

‘కొట్టుకు పోయి సిగరెట్టు పెట్టె తెమ్ము’ అని బిడ్డను పంపు తండ్రి ఆ చోటును స్వయముగా చూపుచున్నాడు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము 18 సంవత్సరముల లోపువారికి వాటిని అమ్మరాదనియు, విద్యాలయమునకు 100 గజముల లోపల అమ్మరాదనియు నిషేధించుచున్నది. వైద్యుని ఆజ్ఞ లేక బాలునకు మద్యము, మాదక ద్రవ్యము లేదా పొగాకు ఇచ్చువారికి 7 సంవత్సరముల వరకు కఠిన కారాగార శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు బాలల న్యాయ చట్టము విధించుచున్నది. పండుగనాడు ‘ఒక చుక్క’ అని ముద్దుగా నాలుకకు అందించు బంధువునకు సైతము ఈ సంగతి తెలియవలెను.

తీర్థయాత్రికులు ప్రత్యేకముగా ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. తిరుమల కొండపై మద్యము, పొగాకు నిషిద్ధములు. కొండపై ఆ నియమమును తల వంచి పాటించి, దిగివచ్చిన దినముననే త్రోవలో సీసా తెరచువారు లేకపోలేదు. మాల ధరించి మండల కాలము మద్యము ముట్టక, మాల తీసిన మరునాడే పాతదారి పట్టు గృహస్థులును కలరు. యాదవుల నియమము ద్వారక దాటగానే సడలినట్లే ఇదియు సడలినది. వెంటనున్న బాలుడు దీక్ష యనగా కొన్నాళ్ల వేషమని గ్రహించును. కాని ఆ దీక్షయే మరియొక సత్యమును గూడ రుజువు చేయుచున్నది. నలుబది దినములు మానగలిగినవాడు నలుబదియొకటవ దినమును మానగలడు. దీక్ష ముగిసిన నాడు తండ్రి బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ‘ఈ నియమమును ఇక విడువను’ అని చెప్పినచో, దానికి సాటివచ్చు పాఠము ఏ పాఠశాలలోను లేదు. శ్రేష్ఠుడు ఆచరించినదానినే ఇతరులు ఆచరింతురని గీత చెప్పెను. బిడ్డకు ఇంట తండ్రియే శ్రేష్ఠుడు. అయితే చిరకాలము అధికముగా త్రాగినవారు హఠాత్తుగా మానినప్పుడు వణుకు, మూర్ఛ, చిత్తభ్రాంతి కలుగవచ్చును. అట్టివారు వైద్యుని సహాయముతో మానుట క్షేమము.

పాఠమునకు గల బలమును తెలుగునేల ఒకసారి కన్నులార చూచెను. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగుచున్న దినములలో, వయోజన వాచకమునందలి ఒక కథలో స్త్రీలు ఏకమై తమ ఊరి సారా దుకాణమును మూయించుట దూబగుంట స్త్రీలు చదివిరి. చదివి ఊరకుండక తమ ఊరను అట్లే చేసిరి. 1992 నాటికి అది రాష్ట్రమంతటి సారా వ్యతిరేకోద్యమముగా పెరిగెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. శాసనము వచ్చెను, పోయెను. కాని చదువుకొన్న తల్లులు ఒక పాఠముతో ఏమి చేయగలరో రుజువైన సంగతి పోలేదు.

జారిన బిడ్డను చేపట్టుట

ఎంత కాపాడినను ఒక బిడ్డ జారవచ్చును. చదువు తగ్గుట, పాత మిత్రులను విడిచి కొత్తవారితో రహస్యముగా తిరుగుట, డబ్బు కనబడకపోవుట, నిద్రాహారములు మారుట, కన్నులెఱ్ఱబడుట వంటి గుర్తులు తోచినప్పుడు తల్లిదండ్రులు ముందుగా తొందరపాటును మానవలెను. ఇవి ఇతర కారణములవలన గూడ కలుగవచ్చును. కొట్టుట, తిట్టుట, బడినుండి వెళ్లగొట్టుట బిడ్డను మత్తు అమ్మువాని చేతికే అప్పగించును.

నలకూబర మణిగ్రీవుల కథను ఇచ్చట స్మరింపవలెను. కుబేరుని కుమారులైన వారిరువురు వారుణీమదమున ఒడలెరుగక, నారదుడు ఎదుటికి వచ్చినను సిగ్గుపడలేదు. ముని వారిని మద్దిచెట్లు కమ్మని శపించెను. అయితే పూర్వస్మృతి పోకుండునట్లును, తుదకు వాసుదేవుని సాన్నిధ్యమున విముక్తి కలుగునట్లును అనుగ్రహించెను. అది త్రోసివేయు శాపము కాదు. తిరిగివచ్చు త్రోవ గల శాపము. గోకులమున రోలు ఈడ్చుకొనుచు వచ్చిన బాలకృష్ణుడు ఆ రెండు చెట్ల నడుమ దూరి వారిని విడిపించెను. శిక్షయందు గూడ ఇట్టి త్రోవ ఉండవలెను. వ్యసనము వైద్యమునకు లొంగు వ్యాధి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ వారి ఉచిత టెలిఫోను సహాయము 14446 నెంబరునందును, ఆపదలోనున్న బాలలకు సహాయము 1098 నెంబరునందును లభించును. వాటిని ఆశ్రయించుటలో కులగౌరవమునకు భంగమేమియు లేదు.

త్రాగు తండ్రి ఇంట పుట్టిన బిడ్డకు చెప్పవలసిన మాట వేరొకటి కలదు. ఆ బిడ్డ తన ఇంటి స్థితికి తానే కారణమని లోలోన అనుకొనును. పెరిగి తానును అంతే అగుదునని భయపడును. అట్టివానికి ప్రహ్లాదుని జన్మమును చూపవలెను. హిరణ్యకశిపుని ఇంట పుట్టినవాడే భాగవతోత్తముడయ్యెను. తల్లి గర్భమున నుండగా నారదుడు చెప్పిన మాటలే అతనికి రక్షయయ్యెను. ఇంట దొరకని మంచిమాట ఒక్క పెద్దమనిషి నోట వినబడినను బిడ్డ నిలువగలడు. ఉపాధ్యాయుడు గాని, తాతగారు గాని, గుడిలో పాఠము చెప్పు స్వామి గాని ఆ ఒక్కరు కావచ్చును. ‘ఏ వేళనైనను నా వద్దకు రమ్ము, నిన్ను కోపింపను’ అను మాట బిడ్డకు ముందుగానే చెప్పియుంచవలెను.

ద్వారకలో చాటింపు వేసినవారికి అధికారమునకు కొదవ లేదు. కాని చాటింపు చెవివరకే చేరును. అభ్యాసము హృదయమునకు చేరును. సాయంసంధ్యవేళ దీపము వెలిగించి బిడ్డలను చేరదీసి, ఒక కథ చెప్పి, ఒక ప్రశ్న అడిగి, ‘వలదు’ అను మాటను ఒక్కసారి వారి నోట పలికించుటకు పది నిమిషములు చాలును. అది ప్రతి గృహమునందును అలవాటగుగాక! ప్రహ్లాదవరదుడైన శ్రీనృసింహుడు బాలురెల్లరకు ఆ మాటయందు స్థైర్యమును ప్రసాదించుగాక!